సాక్రే పద్దు విడిగా చూపండి: డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కౌన్సిల్ పిల్లల సేవల డైరెక్టర్ గారికి,

నమస్కారం. సాక్రే నిధిని విడిగా చూపమన్న మా వినతులకు జవాబు రానందున, ఇంగ్లండులోని తెలుగు తల్లిదండ్రులు కూడా చదివేలా ఈ లేఖ రాస్తున్నాం. ఇంగ్లీషు ప్రతి మీ కార్యాలయానికి పంపాం.

బడుల్లో మత విద్యపై సలహా ఇచ్చే స్థానిక మండలి సాక్రే. 1996 విద్యా చట్టం 390వ సెక్షన్ ప్రకారం దాన్ని ఏర్పాటు చేయడం కౌన్సిల్ బాధ్యత. ఇష్టాయిష్టాల విషయం కాదు. అందులో నాలుగు బృందాలుంటాయి: చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ కాని క్రైస్తవ శాఖలు, ఇతర మతాలు కలిసి ఒకటి; చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్, ఉపాధ్యాయ సంఘాలు, కౌన్సిల్ ప్రతినిధులు మిగతా మూడు. ఎందరు కూర్చున్నా బృందానికి ఒక్కటే ఓటు. హిందువుల కుర్చీ ఖాళీగా ఉంటే మొదటి బృందంలో మన మాట చెప్పేవారే ఉండరు.

అసలు చిక్కు డబ్బు దగ్గర ఉంది. ప్రభుత్వ నిధి సెంట్రల్ స్కూల్ సర్వీసెస్ బ్లాక్‌లో (బడుల కోసం కౌన్సిల్ చేసే ఉమ్మడి పనులకు ఇచ్చే మొత్తంలో) మిగతా చట్టబద్ధ విధులతో కలిసి వస్తుంది. సాక్రేకు ఇంత అని అందులో గీత గీసి ఉండదు. దాంతో గుమాస్తా ఉండరు, సమావేశాల మినిట్స్ ఆలస్యమవుతాయి. సలహాదారు లేక ఐదేళ్లకోసారి జరగాల్సిన స్థానిక మత విద్యా పాఠ్యప్రణాళిక సమీక్ష వాయిదా పడుతుంది. శిక్షణ లేని టీచరు తరగతిలోని హిందూ పిల్లనే నిలబెట్టి కులం గురించి చెప్పమంటారు. విసిగిన తల్లిదండ్రులు 1998 స్కూల్ స్టాండర్డ్స్ అండ్ ఫ్రేమ్‌వర్క్ చట్టం 71వ సెక్షన్ కింద ఆ పాఠం మాన్పిస్తే, పిల్ల లైబ్రరీలో ఒంటరిగా కూర్చుంటుంది.

వచ్చే బడ్జెట్ ఆమోదానికి ముందే సాక్రే కేటాయింపును విడి పద్దుగా ప్రకటించండి. అందులోంచి గుమాస్తాకు, సలహాదారుకు జీతం ఇవ్వండి. ఖాళీలు నింపి, సమీక్షా సమావేశం తేదీ లిఖితపూర్వకంగా తెలపండి.

ఇట్లు,
తెలుగు తల్లిదండ్రులు