అదే డ్రైవ్ మళ్లీ ఎందుకొచ్చిందంటే

మూడు నెలల కింద ఈఈప్రామ్ (కరెంటు పోయినా సెట్టింగులు గుర్తుంచుకునే మెమరీ చిప్) ఫాల్ట్ అని ఒక పంప్ డ్రైవ్ (మోటార్ స్పీడ్ మార్చే పెట్టె) వచ్చింది మా రిపేర్ షాపుకి. మెమరీ చిప్ మార్చాం, రెండ్రోజులు బెంచ్ మీద తిప్పి చూశాం, బిల్లేసి పంపేశాం. పోయిన వారం అదే డ్రైవ్, అదే ఫాల్ట్. "డూప్లికేట్ చిప్ వేశారా ఏంటి?" అన్నారు ఆ కస్టమర్. చిప్ ఒరిజినలే సార్, కానీ పాత చిప్ అసలెందుకు పోయిందో మేం కనుక్కోలేదు, తప్పు అక్కడ జరిగింది.

ఈసారి వాళ్ల పీఎల్‌సీ (మెషీన్లని నడిపే చిన్న కంప్యూటర్) ప్రోగ్రామ్ కూడా తెప్పించుకుని చూస్తే విషయం బయటపడింది. స్పీడ్ మార్చడానికి మోడ్‌బస్‌లో (పీఎల్‌సీ, డ్రైవ్ మాట్లాడుకునే పద్ధతి) ఫ్రీక్వెన్సీ కమాండ్ రిజిస్టర్‌కి (అప్పటికప్పుడు స్పీడ్ చెప్పే చోటు) రాయాల్సింది పోయి ప్రీసెట్ స్పీడ్ పారామీటర్‌కి (సేవ్ అయ్యే సెట్టింగ్) రాస్తున్నారు, అదీ నిమిషానికోసారి. కమాండ్ రిజిస్టర్ ర్యామ్‌లో (తాత్కాలిక మెమరీలో) ఉంటుంది, ఎన్నిసార్లు రాసినా దానికేం కాదు, పారామీటర్ మాత్రం ఈ డ్రైవ్‌లో నేరుగా ఈఈప్రామ్‌లోకే పోతుంది. ఆ చిప్‌కి తయారీదారు ఇచ్చే హామీ లక్షసార్లు రాసేవరకే (కొత్తవాటిలో కొన్నిటికి 10 లక్షలు). నిమిషానికొకటి అంటే రోజుకి 1,440, ఇక 70 రోజుల్లో లక్ష అయిపోతుంది. సెకనుకోసారి రాసే ప్రోగ్రామ్ అయితే 28 గంటలు కూడా పట్టదు!

అలాగని మెమరీ ఫాల్ట్ వచ్చిన ప్రతిసారీ చిప్పే పోయిందని కాదు. పారామీటర్ సేవ్ అవుతుండగా కరెంటు పోయినా చెక్‌సమ్ (డేటా సరిగ్గా ఉందో లేదో చూసే లెక్క) తప్పుతుంది. ఎస్‌ఎంపీఎస్‌లో (బోర్డుకి కరెంటు ఇచ్చే పవర్ సప్లై) కెపాసిటర్లు ఎండిపోయి 5 వోల్ట్ల లైన్ ఊగుతుంటే బాగున్న చిప్‌ని కూడా ప్రాసెసర్ తప్పుగా చదువుతుంది, ఇలాంటి డ్రైవ్‌కి కూడా ఒకసారి అనవసరంగా చిప్ మార్చాం, ఒప్పుకోవాలి కదా.

మీ దగ్గర ఈ ఫాల్ట్ వస్తే దయచేసి వెంటనే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టకండి. కీప్యాడ్ పనిచేస్తుంటే ముందు పారామీటర్లు కాపీ చేసుకోండి, లేదా ఒక్కో స్క్రీన్ ఫోటో తీసుకోండి, మోటార్ ప్లేట్ ఫోటో కూడా. రీసెట్ చేశాక పవర్ ఆపి మళ్లీ ఇవ్వండి, ఫాల్ట్ రాకపోతే సేవింగ్ మధ్యలో తెగి ఉండొచ్చు, మళ్లీ వస్తే బోర్డు చూడాల్సిందే. రీసెట్‌తో స్టార్ట్-స్టాప్ సెట్టింగులు కూడా మారిపోతాయి, అన్నీ సరిచూడకుండా రన్ ఇవ్వొద్దు. ఇంకోటి, ఖాళీ చిప్ కొని మీరే వేసుకుందాం అనుకోకండి, చాలా డ్రైవ్‌లలో రేటింగ్ (డ్రైవ్ సామర్థ్యం), కరెంట్ కాలిబ్రేషన్ (కరెంట్ సరిగ్గా కొలవడానికి చేసిన సర్దుబాటు) కూడా ఆ చిప్‌లోనే ఉంటాయి.

ఇకనుంచి మెమరీ ఫాల్ట్ డ్రైవ్ తెస్తే పీఎల్‌సీ ఏ అడ్రస్‌కి ఎంతసేపటికోసారి రాస్తోందో అడుగుతాం, 5 వోల్ట్ల లైన్ కొలిచాకే చిప్ జోలికి వెళ్తాం, దీనికి రెండ్రోజులు ఎక్కువ పడుతుంది. ఆ పంప్ డ్రైవ్‌కి రెండోసారి పైసా తీసుకోలేదు. ఇంతకుముందు మా దగ్గర చిప్ మార్పించుకున్నవాళ్లు పీఎల్‌సీ రాసే అడ్రస్, ఎంతసేపటికోసారి రాస్తోందో ఆ రెండు వివరాలు పంపండి, ఊరికే చూసి చెప్తాం.