పాదిరి బొమ్మకు పేరు పెట్టే ముందు వెనక్కి తిప్పి చూడండి

సంపాదకుల వారికి,

క్రిస్మస్ ముందు పాత చర్చీలకు సున్నాలు వేస్తారు. గోడల మీది తైలవర్ణ చిత్రాలు కిందికి దిగేది అప్పుడే. వాటిలో అక్కడక్కడ ఒక యువ పాదిరి ఉంటాడు: నల్ల గౌను, మెడ కింద రెండు తెల్ల పట్టీలు, పాతికేళ్ళు దాటని ముఖం. సంతకం ఉండదు, పేరూ ఉండదు. దించినవాళ్ళు ముందు తడిగుడ్డతో తుడుస్తారు, ఆ తర్వాత ఆ ఊరికి మొదట వచ్చిన దొరగారి పేరు రాసి అతికిస్తారు. ఈ రెండు పనులూ ఆపమని చర్చి కమిటీలకు మా మనవి.

పేరు సంగతి ముందు. మచిలీపట్నం వైపు దొరికిన బొమ్మ అనుకోండి, అక్కడ పనిచేసిన ఇంగ్లీషు మిషనరీ హెన్రీ ఫాక్స్ గారే అనెయ్యాలనిపిస్తుంది. ఆయన 1817లో పుట్టి, 1841లో తోటి మిషనరీ రాబర్ట్ నోబుల్‌తో పాటు మచిలీపట్నం వచ్చి, 1848లో పోయారు. అంటే వేషం 1840ల నాటిది కావాలి. తల మీద పౌడరు విగ్గు ఉంటే ఆయన కాదు, బొమ్మ ఇంకో అర్ధశతాబ్దం పాతది. ముందు చీలిక లేకుండా మెడ చుట్టూ తిరిగే గట్టి తెల్ల కాలరు ఉన్నా ఆయన కాదు. అది 19వ శతాబ్దం రెండో సగంలో గానీ వాడుకలోకి రాలేదు.

తెల్ల పట్టీలు ఉన్నంత మాత్రాన పాదిరి అనుకోవడమూ తొందరపాటే. అవే పట్టీలు మన కోర్టుల్లో వకీళ్ళ మెడలో ఈరోజుకీ చూస్తున్నాం. పైగా ఆంగ్లికన్ చర్చిలో 23 ఏళ్ళు నిండనిదే డీకన్‌ను (పాదిరి పదవిలో మొదటి మెట్టు) చెయ్యరు, 24 నిండనిదే ప్రీస్టును (పూర్తి పాదిరిని) చెయ్యరు. మీసకట్టు కూడా రాని కుర్రాడైతే విద్యార్థి గౌనేమో చూడండి. ఇక నెల్లూరు, ఒంగోలు వైపు పనిచేసిన అమెరికన్ బాప్టిస్టులకు గౌను, పట్టీల ఆచారం లేదు. వాళ్ళ చర్చిలో అలాంటి బొమ్మ ఉందంటే ఎక్కడినుంచో వచ్చి చేరిందేమో కనుక్కోవాలి.

అసలు సాక్ష్యం వెనక ఉంటుంది. బయటి ఫ్రేము వదిలేసి, క్యాన్వాసు బట్టను బిగించిన లోపలి చెక్క చట్రాన్ని అంగుళాల్లో కొలవండి. 30 × 25, 36 × 28, 50 × 40 వస్తే అవి బ్రిటిష్ దుకాణాలు అమ్మిన కొలతలు. ‘బిషప్ హాఫ్ లెంగ్త్’ అని 50 × 40 కన్నా పెద్దది ఇంకొకటి ఉండేది, బిషప్పు గారి అంగీ చేతుల గుబురు పట్టడానికి! బట్ట మీద కిరీటంతో సుంకం ముద్ర కనిపిస్తే అది 1831కి ముందు నేసిందే, ఆ ఏడాదే ఆ సుంకం ఎత్తేశారు. లండన్ రంగుల కంపెనీ విన్సర్ అండ్ న్యూటన్ ముద్ర ఉంటే 1832కి ముందుది కాదు. ఇవేవీ లేకపోతే పదిరెట్లు చూపే భూతద్దంతో ముఖం చూడండి. కుంచె గీతలు, నేత ఆనవాళ్ళు లేకుండా నున్నటి కాగితం కనబడితే అది పెద్దది చేసిన ఫొటో మీద రంగు వేసింది.

ఇన్ని చూసినా ఒక్కోసారి తేలదు. ఎడింబరోలో మంచు మీద జారుతున్న పాదిరి రాబర్ట్ వాకర్ బొమ్మ 30 × 25 అంగుళాలదే. బొమ్మలో ఉన్నదెవరని కాదు, అక్కడ గీసిందెవరనేదే పేచీ. స్కాట్లండ్ చిత్రకారుడు రేబర్న్ గీశాడనుకున్నదాన్ని ఫ్రెంచి చిత్రకారుడు దాన్లూ గీశాడని 2005లో వాదన లేచింది.

ఇక తుడవడం. ఎక్కువ దెబ్బ తినేది నల్ల గౌనే. 18, 19 శతాబ్దాల చిత్రకారులు కొందరు నీడల్లోకి తారులాంటి బిట్యుమెన్ కలిపేవారు. అది ఎన్నేళ్ళయినా పూర్తిగా ఆరదు, వేడికి మెత్తబడి మొసలి చర్మంలా పగుళ్ళిస్తుంది. ఆ పగుళ్ళలోకి నీళ్ళు దిగితే రంగు అడుగున ఉన్న జిగురు ఉబ్బుతుంది, బట్ట ముడుచుకుంటుంది, రంగు పెచ్చులు లేస్తుంది. స్పిరిటు పెడితే గౌను మడతలు చెరిగి నల్ల రేకులా మిగులుతుంది. కొబ్బరినూనె రెండు రోజులు మెరుస్తుంది, తర్వాత దుమ్మంతా పట్టుకుంటుంది. ఉల్లిపాయ, బంగాళాదుంప ముక్కలతో రుద్దితే బూజు, పురుగు ఖాయం. సున్నం చిందితే తడిగా ఉండగా రుద్దకండి, ఆ క్షారం నూనె రంగును తినేస్తుంది. సున్నం వేసే ముందే బొమ్మను వేరే గదిలోకి మార్చాలి.

మీరు చెయ్యదగింది ఒక్కటే. టార్చి పక్కనుంచి వేసి చూసి, ఎక్కడా పెచ్చు లేవలేదని తేలితే రెండంగుళాల మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి. పెచ్చు లేచి ఉంటే అదీ వద్దు. చట్రం మూలల్లో దిగేసిన చెక్క చీలల్ని సుత్తితో కొట్టి బిగించకండి, పాత బట్ట మూలల దగ్గర చిరుగుతుంది. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో సంరక్షణ లేబొరేటరీ ఉంది, ముందు వాళ్ళనడగండి.

మళ్ళీ తగిలించేటప్పుడు గోడ పూర్తిగా ఆరాలి. ఫ్రేము కింది రెండు మూలల వెనకా అంగుళం మందం బెండు ముక్కలు పెడితే గాలి ఆడుతుంది, కోస్తా తేమకు ఇది తప్పనిసరి. పేరు చీటీ బట్టకు అతికించకండి, దారంతో ఫ్రేముకు కట్టండి. దాని మీద ‘పేరు తెలియని యువ పాదిరి’ అని, కొలతలు, వెనక ముద్రలు, ఎక్కడ దొరికిందీ, ఎప్పుడు దించిందీ పెన్సిలుతో రాస్తే చాలు.

ఇట్లు,
పాత తైలవర్ణ చిత్రాల మరమ్మతు పనిలో ఉన్న కొందరం