చైన్‌సా ఆగిపోతోందా? ముందు పెట్రోల్ పైపు చూడండి

అందరికీ నమస్కారం. చైన్‌సా స్టార్ట్ అయిన కాసేపటికే ఆగిపోతోందని, పక్కకి వంచితే మొరాయిస్తోందని చాలామంది అడుగుతున్నారు. వెంటనే కార్బురేటర్ విప్పేయకండి.

ఇంజిన్ చల్లారాక ప్లగ్ క్యాప్ తీసి, ట్యాంకు ఖాళీ చేయండి. కొక్కెంలా వంచిన తీగతో లోపలి ఫిల్టర్‌ని పైకి లాగితే పైపు కూడా వస్తుంది. వేళ్ల మధ్య వంచి చూడండి. పెళుసుగా గట్టిపడినా, మెత్తబడి జిగటగా వేలికి నల్లగా అంటుకున్నా దాని పని అయిపోయినట్టే. ఎక్కువగా పగిలేది ట్యాంకు గోడలోంచి బయటికొచ్చే చోట. కాస్త సాగదీస్తే తప్ప ఆ చీలిక కంటికి కనబడదు, చాలామంది అక్కడే మోసపోతారు. ప్రైమర్ బల్బు (స్టార్ట్ చేసేముందు పెట్రోల్ లాగడానికి వేలితో నొక్కే చిన్న బల్బు) ఉంటే, ఎంత నొక్కినా బుడగలు ఆగకపోవడం ఇంకో గుర్తు.

ఇథనాల్ కలిసిన పెట్రోల్ నెలల తరబడి ట్యాంకులో నిల్వ ఉంటే పాత రబ్బరు త్వరగా పాడవుతుంది.

చీలికలోంచి గాలి దూరితే ఇంజిన్‌కి అందే పెట్రోల్ తగ్గుతుంది. 2-స్ట్రోక్ ఇంజిన్‌కి ఆయిల్ అందేది పెట్రోల్‌తోనే కదా, పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. అందుకే కార్బురేటర్ స్క్రూలు తిప్పి సర్దేద్దాం అనుకోకండి.

కొత్త పైపు లోపలి, బయటి వ్యాసాలు రెండూ పాతదానితో సరిపోవాలి. బయటి కొలత తగ్గితే ట్యాంకు రంధ్రం దగ్గరే కారుతుంది. కొసను ఏటవాలుగా కోస్తే సులువుగా దూరుతుంది. ఫిల్టర్ కూడా మార్చేయండి.

పైపు బాగానే ఉందా? ఇంజిన్ ఆగాక ట్యాంకు మూత ఓసారి వదులు చేసి బిగించండి. మళ్లీ కాసేపు నడిస్తే, ట్యాంకు వెంట్ (ట్యాంకులోకి గాలి వెళ్లే దారి) మూసుకుపోయి ఉండొచ్చు.