నారు పోసినవాళ్లెవరు, కోత కోసినవాళ్లెవరు

కొలంబియా, మేరీల్యాండ్
9 నవంబరు 2025

ప్రియమైన మురళికి,

నీ ఉత్తరం అందింది. అమ్మగారి మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టిందని చదివి మనసు కుదుటపడింది. ఉత్తరం చివర ఊరికే అడిగినట్టు ఒక ప్రశ్న వేశావు: "మీ బాల్టిమోర్ జట్టుకు మళ్లీ కొత్త కోచ్ వచ్చాడట, పాతాయనకు రెండేళ్ల కిందటే ఉత్తమ మేనేజర్ అవార్డు వచ్చిందని నువ్వే కదా రాశావు, ఇంతలో ఏం ముంచుకొచ్చింది?" అని. ఇది ఒక వాక్యంలో తేలే సంగతి కాదు. ఆదివారం, పైగా బయట ముసురు పట్టి ఉంది కాబట్టి తీరుబడిగా రాస్తున్నాను, ఓపిక పట్టి చదువు.

ముందుగా పేర్ల తికమక తీర్చాలి. మనం కోచ్ అనే మనిషిని బేస్‌బాల్‌లో మేనేజర్ అంటారు. అరవై ఏళ్లు దాటినా సరే, ఆటగాళ్లతో సమానంగా జట్టు దుస్తులు వేసుకునే కూర్చుంటాడు. బంతి వేసే పిచర్‌ను ఎప్పుడు మార్చాలి, ఎవరిని ఏ వరుసలో బ్యాటింగుకు పంపాలి అన్నంత వరకే ఆయన అధికారం. జట్టులో అసలు ఎవరుండాలో నిర్ణయించేది జనరల్ మేనేజర్, ఆయన కింద పనిచేసే ఆఫీసు. ఊళ్లు తిరిగి కుర్రవాళ్లను చూసే స్కౌట్లు, నాలుగైదు మెట్లున్న మైనర్ లీగు జట్లు, ఒప్పందాలు, లెక్కలు అన్నీ ఆ ఆఫీసువే. దానినే ఫ్రంట్ ఆఫీస్ అంటారు. మీ సన్‌రైజర్స్ వాళ్లు రెండు రోజుల వేలంలో జట్టు రూపం మార్చేయగలరు. ఇక్కడ పద్దెనిమిదేళ్ల కుర్రవాడిని ఎంచుకుంటే అతడు పెద్ద మైదానంలో అడుగు పెట్టేసరికి మూడేళ్లో, నాలుగేళ్లో పడుతుంది. ఈ కథంతా ఆ ఆలస్యం చుట్టూనే తిరుగుతుంది.

2018లో మా బాల్టిమోర్ జట్టు ఓరియోల్స్ 162 ఆటల్లో 47 గెలిచి 115 ఓడిపోయారు. తమ విభాగంలో మొదటి స్థానంలో నిలిచిన బోస్టన్ కంటే 61 ఆటలు వెనుక. ఏడేళ్లకు 16 కోట్ల 10 లక్షల డాలర్ల ఒప్పందం మీద ఉన్న క్రిస్ డేవిస్ ఆ ఏడాది 0.168 సగటుతో, అంటే వెయ్యి ప్రయత్నాలకు 168 హిట్ల లెక్కన, ముగించాడు. ఏడాది పొడుగునా ఆడిన బ్యాటర్లలో అంత తక్కువ సగటు చరిత్రలోనే మరొకరికి లేదు. జూలైలో మేటి ఆటగాడు మానీ మచాడోను లాస్ ఏంజిలిస్‌కు ఇచ్చి బదులుగా ఐదుగురు కుర్రవాళ్లను తెచ్చుకున్నారు. ఆ నెల తిరక్కుండానే చెప్పుకోదగ్గ పిచర్లు కూడా తలో ఊరికి వెళ్లిపోయారు. అక్టోబరు 3న మేనేజర్ బక్ షోవాల్టర్‌ను, ఆఫీసును నడిపిన డాన్ డుకెట్‌ను ఒకేరోజు సాగనంపారు. నేను అప్పటికి ఈ దేశం వచ్చి రెండేళ్లు. ఆట సగమే అర్థమయ్యేది గానీ, ఇల్లు ఖాళీ చేస్తున్నారన్న సంగతి మాత్రం పూర్తిగా అర్థమైంది.

నవంబరులో మైక్ ఇలైయస్ వచ్చాడు. వయసు 35. యేల్ విశ్వవిద్యాలయం తరఫున పిచింగ్ చేసి, స్కౌట్‌గా ఉద్యోగం మొదలుపెట్టి, హ్యూస్టన్ ఆఫీసులో పైకొచ్చిన మనిషి. హ్యూస్టన్ వరసగా మూడేళ్లు వందకు పైగా ఆటలు ఓడి, ఆ ఓటముల వల్ల డ్రాఫ్టులో (జట్లు కుర్రవాళ్లను వంతులవారీగా ఎంచుకునే తంతు) ముందుగా దక్కిన కుర్రవాళ్లతో 2017లో వరల్డ్ సిరీస్, అంటే ఫైనల్, గెలిచింది. ఇలైయస్ తన వెంట సిగ్ మైడాల్‌ను తెచ్చుకున్నాడు. ఈయన ఒకప్పుడు నాసాలో పనిచేసిన ఇంజనీరు, ఆటగాళ్ల భవిష్యత్తును అంకెల్లో చూసే మనిషి. ఆయన గురించి నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. హ్యూస్టన్‌లో ఉండగా, 2017 వేసవిలో, ఆఫీసు వదిలి ఒక చిన్న మైనర్ లీగు జట్టుతో దుస్తులు వేసుకుని మైదానంలో గడిపాడు. తాము పంపే లెక్కలను కుర్రవాళ్లు, కోచ్‌లు ఎందుకు నమ్మడం లేదో బస్సులో వాళ్ల పక్కన కూర్చుంటే తప్ప తెలియదని ఆయన అభిప్రాయం. మన ఆఫీసుల్లో పైనుంచి ఉత్తర్వులు దించేవాళ్లలో ఎంతమంది ఆ పని చేసి ఉంటారంటావు?

డిసెంబరులో బ్రాండన్ హైడ్ మేనేజర్‌గా వచ్చాడు. అంతకుముందు షికాగో కబ్స్‌లో మేనేజర్ పక్కన కూర్చునే బెంచ్ కోచ్. ఓడిపోవడానికే వస్తున్నానని తెలిసి కూడా ఒప్పుకున్న మనిషి. ఆయన సంగతికి మళ్లీ వస్తాను.

మరమ్మతు మొదలైంది మైదానంలో కాదు, డొమినికన్ రిపబ్లిక్‌లో. పెద్ద లీగుల్లో నాలుగో వంతుకు పైగా ఆటగాళ్లు అమెరికా బయట పుట్టినవాళ్లే. వాళ్లలో ఎక్కువమందిని పదహారేళ్ల వయసులోనే ఒప్పందంలోకి తెచ్చుకుంటారు. పాత యజమాని పీటర్ ఏంజెలోస్ ఆ వయసు పిల్లల మీద డబ్బు పెట్టడం జూదమనుకుని ఏళ్ల తరబడి ఆ వైపే చూడలేదు. అంటే సంత జరుగుతున్నంతసేపూ గుడ్డసంచి చంకలో పెట్టుకుని గట్టు మీద కూర్చున్నట్టన్నమాట. ఇలైయస్ 2019 మొదట్లో కోబీ పెరెజ్ అనే ఆయనకు ఆ విభాగం అప్పగించాడు. 2021 జనవరిలో వాళ్లు 13 లక్షల డాలర్లకు తెచ్చుకున్న సామ్యుయెల్ బసాయో అనే పదహారేళ్ల క్యాచర్ (బ్యాటర్ వెనుక కూర్చుని బంతి అందుకునేవాడు) ఈ ఆగస్టులో బాల్టిమోర్ దుస్తుల్లో మొదటి ఆట ఆడాడు. వారం తిరక్కుండా ఎనిమిదేళ్లకు 6 కోట్ల 70 లక్షల డాలర్ల ఒప్పందం రాసిచ్చారు. 2019లో నాటిన మొక్క 2025లో పూత పట్టింది. ఈ మధ్యలో ఎవరికైనా ఓపిక నశించి ఉంటే ఆ పూత మరొకరి పెరట్లో పూసేది.

2019 వేసవి చివర్లోనే ఏళ్ల తరబడి పనిచేసిన స్కౌట్లతో సహా పలువురిని తీసేశారు. ముప్పై ఏళ్లుగా కార్లలో ఊళ్లు తిరిగి, హైస్కూలు మైదానాల చెక్క బెంచీల మీద కూర్చుని నోటుబుక్కులు నింపిన మనుషుల స్థానంలోకి వీడియోలు, కొలతలు వచ్చాయి. పత్రికలు దీన్ని ఆధునికీకరణ అన్నాయి. నాకు మాత్రం అది అంత సులువుగా మింగుడుపడలేదు, ఎందుకో చెబుతాను.

2023లో ఓరియోల్స్ 101 ఆటలు గెలిచి విభాగంలో మొదటి స్థానంలో నిలిచారు. అందరూ ఇలైయస్‌నే ఆకాశానికెత్తారు. ఎత్తాల్సిందే, కాదనను. 2019 డ్రాఫ్టులో మొదటి ఎంపికగా క్యాచర్ ఆడ్లీ రచ్‌మన్‌ను, అదే డ్రాఫ్టు రెండో రౌండులో గన్నర్ హెండర్సన్‌ను తెచ్చింది ఆయనే. ఆ హెండర్సన్ 2023లో ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు, ఓటర్లందరూ అతడికే వేశారు. కానీ ఆ జట్టు పేర్లను ఒకసారి కాగితం మీద రాసుకుని, ఎవరిని ఎవరు తెచ్చారో పక్కన రాసుకుంటూ పోతే కథ మారిపోతుంది. సెంటర్ ఫీల్డులో సెడ్రిక్ మల్లిన్స్, ఎడమవైపు ఆస్టిన్ హేస్, కుడివైపు ఆంథనీ శాంటాండేర్, మొదటి బేసు దగ్గర రయన్ మౌంట్‌కాసిల్, చివరి ఇన్నింగ్స్‌లో ఎవరికీ అందని బంతులు వేసిన ఫెలిక్స్ బౌటిస్టా, కుర్ర పిచర్ గ్రేసన్ రోడ్రిగెజ్, వీళ్లందరూ ఇలైయస్ రాకముందే ఆ గూటిలో ఉన్నవాళ్లు. ఉద్యోగాలు పోయిన ఆ నోటుబుక్కుల మనుషులు చూసి తెచ్చినవాళ్లు.

అలాగని కొత్తవాళ్లు చేసిందేమీ లేదని కాదు. మల్లిన్స్‌నే తీసుకో. 2015లో పదమూడో రౌండులో దొరికినవాడు. రెండు చేతుల వైపులా బ్యాటింగ్ చేసేవాడు. 2019లో ఎంత దిగజారాడంటే పెద్ద లీగు నుంచి జారి జారి బౌవీలోని, మైనర్ లీగుల్లో పైనుంచి రెండో మెట్టు జట్టు దాకా వెళ్లాడు. కుడివైపు బ్యాటింగ్ మానేసి ఎడమవైపే ఆడటం మొదలుపెట్టి, 2021లో 30 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి), పిచర్ కన్నుగప్పి పరుగెత్తి దొంగిలించిన బేసులు 30 సాధించాడు. ఈ జట్టు చరిత్రలో ఒకే ఏడాది ఆ రెండూ సాధించిన మొదటివాడు అతడే. చూసి తెచ్చినవాడు ఒకడు, నేర్పినవాడు మరొకడు. రెండో వాడి దగ్గర ఉన్న విద్యకు మొదటి వాడి కన్ను కావాలి.

ఆ నేర్పే పని ఎలా మారిందో కొంచెం దగ్గరగా చూశాను. 2021 జూన్‌లో నేనూ మా రెండోవాడూ బౌవీ మైదానానికి వెళ్లాం. ఇక్కడికి అరగంట దారి. రచ్‌మన్ అప్పటికి అక్కడే ఆడుతున్నాడు. ఇన్నింగ్స్ ముగిసిన ప్రతిసారీ తను ముందుకు వెళ్లిపోకుండా పిచర్ వచ్చేదాకా గీత దగ్గర ఆగి, చేతొడుగును నోటికి అడ్డం పెట్టుకుని ఏదో చెబుతూ అతడితో కలిసి నడిచేవాడు. పిచర్ రెండు పరుగులిచ్చిన ఇన్నింగ్స్‌లోనూ అంతే. ఆ జట్టుకు బ్యాటింగ్ నేర్పుతున్న రయన్ ఫుల్లర్‌ను మరుసటి ఏడాది నేరుగా పెద్ద జట్టుకే తీసుకుపోయారు. వీళ్ల సాధన పద్ధతి వేరు. ఆటకు ముందు తేలికపాటి బంతులు వేయించుకుని స్టాండ్లలోకి కొట్టి మురిసిపోవడం కాకుండా, యంత్రంతో అసలు ఆటలో కంటే గడ్డు బంతులు వేయించి, సాధనలోనే తప్పిపోనిచ్చేవారు. అట్టడుగు మెట్టు నుంచి పై మెట్టు దాకా ఒకే మాట, ఒకే పాఠం ఉండాలన్నది ఉద్దేశం. మన దగ్గర ఒక మాస్టారు బదిలీ అయితే కొత్త మాస్టారు మొదటి పాఠం నుంచి మళ్లీ మొదలుపెట్టడం గుర్తుందా? అది జరగకూడదన్నమాట.

ఇక హైడ్ సంగతి. అదే 2021లో ఆగస్టులో జట్టు వరసగా 19 ఆటలు ఓడిపోయింది. ఇరవయ్యో ఆటకు, ఆగస్టు 25న, నేను ఓరియోల్స్ సొంత మైదానం కామ్‌డెన్ యార్డ్స్‌లో ఉన్నాను. ఓరియోల్స్ కోసం వెళ్లలేదు సుమా, లాస్ ఏంజిలిస్ ఏంజెల్స్ తరఫున ఆరోజు జపాన్ స్టార్ ఒహ్తానీ బంతి వేస్తున్నాడని వెళ్లాను. నా చుట్టూ కూర్చున్నవాళ్లలో సగం మంది అతడి పేరున్న ఎర్ర చొక్కాలే వేసుకున్నారు. హైడ్ ఆటగాళ్లు కూర్చునే డగౌట్ ముందు రెయిలింగ్ మీద మోచేతులు ఆనించి ఎప్పటిలాగే నిలబడ్డాడు. ఆ రాత్రి ఓరియోల్స్ 10-6 తేడాతో గెలిచారు. చివరి వికెట్, క్షమించాలి, చివరి అవుట్ పడ్డప్పుడు పక్కనున్న పెద్దాయన టోపీ తీసి ముఖం మీద కప్పుకున్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు తెలియలేదు. ఆ ఏడాది మొత్తం 110 ఓటములు.

ఓడినకొద్దీ డ్రాఫ్టులో ముందు వరస దొరికేది, ఆ సౌకర్యం ఆఫీసుకు. ప్రతి రాత్రీ మైకుల ముందు కూర్చుని ఓటమికి కారణాలు చెప్పే పని హైడ్‌కు. 2022లో 83 గెలుపులు, 2023లో 101, 2024లో 91. కానీ సీజన్ తరువాతి నాకౌట్ పోటీల్లో (పోస్ట్‌సీజన్) 2023లో టెక్సస్ చేతిలో మూడుకు మూడూ, 2024లో కాన్సస్ సిటీ చేతిలో రెండుకు రెండూ పోయాయి. ఆ చివరి రెండు ఆటల్లో కలిపి జట్టు చేసింది ఒక్క పరుగు.

ఈ ఏడాది మే 17న, 15 గెలుపులు, 28 ఓటముల దగ్గర, హైడ్‌ను తీసేశారు. మొత్తం మీద ఆయన ఖాతాలో 421 గెలుపులు, 492 ఓటములు. ఆ ఓటముల్లో 253 మొదటి మూడేళ్లలో, గెలవాలని ఎవరూ ఆశించని రోజుల్లో వచ్చినవే. ఈ ఏడాది జట్టు ఎందుకు కుదేలైందంటే, నా లెక్కలో, పిచర్లు లేక. 2019 నుంచి ఇప్పటిదాకా ఇలైయస్ ప్రతి ఏడాదీ డ్రాఫ్టులో మొదటి ఎంపికగా బ్యాటర్‌నే తీసుకున్నాడు. పిచర్ల భుజాలు, మోచేతులు విరిగిపోతాయి, బ్యాటర్లు నికరం అన్నది ఆయన లెక్క. లెక్కగా అది తప్పు కాదు. కానీ పెంచుకోని సరుకును కొనుక్కోవాలి కదా. 2024లో కొత్త యజమాని డేవిడ్ రూబెన్‌స్టైన్ వచ్చాడు, 172 కోట్ల 50 లక్షల డాలర్లకు జట్టు చేతులు మారింది. ఆ ఏడాది అరువుకు తెచ్చినట్టు తెచ్చుకున్న మేటి పిచర్ కార్బిన్ బర్న్స్ ఏడాది తిరగగానే 21 కోట్ల డాలర్లకు అరిజోనా వెళ్లిపోయాడు. అతడి స్థానంలోకి 41 ఏళ్ల చార్లీ మోర్టన్‌ను, జపాన్ నుంచి సుగానోను తెచ్చారు. రోడ్రిగెజ్ గాయంతో ఏడాదంతా ఒక్క బంతీ వేయలేదు. ఇందులో హైడ్ చేయగలిగింది ఏముంది చెప్పు? వండేవాడికి ఉప్పూ పప్పూ ఇవ్వకుండా సాంబారు చప్పగా ఉందన్నట్టు.

హైడ్ వెళ్లాక టోనీ మాన్సొలీనో తాత్కాలికంగా నడిపాడు, ఏడాది ముగిసేసరికి జట్టుకు మొత్తం 75 గెలుపులు. మల్లిన్స్‌ను కూడా జూలై చివర న్యూయార్క్ మెట్స్‌కు పంపేశారు. ఇలైయస్ హోదా మాత్రం అంతకుముందే అధ్యక్ష స్థాయికి పెరిగిందని ఈ ఏడాదే బయటపడింది.

ఇప్పుడు వచ్చిన కొత్త మేనేజర్ క్రెగ్ ఆల్బర్నాజ్, 43 ఏళ్లవాడు. మైనర్ లీగుల్లో క్యాచర్‌గా ఏళ్ల తరబడి ఆడినా పెద్ద లీగు గడప తొక్కలేకపోయాడు. శాన్ ఫ్రాన్సిస్కోలో, తరువాత క్లీవ్‌లాండ్‌లో కోచ్‌గా చేసి వచ్చాడు. రచ్‌మన్, బసాయో ఇద్దరూ క్యాచర్లే కాబట్టి ఈ ఎంపికలో అర్థం ఉందనిపిస్తోంది. కింది కోచ్‌లను ఎవరిని పెట్టుకుంటాడో చూడాలి, అంతకంటే ముఖ్యంగా ఆఫీసు ఆయనకు ఈ చలికాలంలో ఎంతమంది పిచర్లను కొనిస్తుందో చూడాలి. ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని సారసోటాలో సాధన మొదలవుతుంది.

మా రెండోవాడి గోడ మీద మల్లిన్స్ బొమ్మ ఇంకా అలాగే ఉంది, తీయనన్నాడు. నువ్వు వేసవిలో వస్తానన్న మాట మీద నిలబడితే, ఒక ఆదివారం మధ్యాహ్నం ఆటకు ముగ్గురం వెళ్దాం. వదినగారికి నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

నీ
ప్రసాద్