వీసా కష్టాలతోపాటు ఈ చీలికనూ రాయండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో ఉన్న మనవాళ్ల వీసా కష్టాలను మీ పత్రిక ఎప్పటికప్పుడు ప్రచురిస్తున్నది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ (అమెరికా ఉద్యోగ వీసా) దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించిన రాత్రి నల్గొండలో మా వీధివాళ్లు కూడా నిద్రపోలేదు. అయితే అవే ఇళ్లలో మరో నష్టం జరుగుతున్నది. దాన్ని మేము బయటికి చెప్పుకోవడం లేదు, పత్రికలూ రాయడం లేదు.

మా తమ్ముడు 1999లో డల్లాస్ వెళ్లాడు. అక్కడే పుట్టి పెరిగిన కొడుకుతో వాడికి రెండేళ్లుగా మాటల్లేవు. ఆస్తి తగాదా కాదు, పెళ్లి గొడవా కాదు. ముస్లింల దుకాణాల్లో కొనవద్దనీ, వారిని ఊళ్ల నుంచి వెళ్లగొట్టాలనీ చెప్పే వీడియోలను తమ్ముడు రోజూ మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెడతాడు. బడిలో తనను "మీ దేశానికి పో" అన్న పిల్లలకూ, ఈ వీడియోలు చేసేవాళ్లకూ తేడా ఏమిటని కొడుకు అడిగాడు. మన సంస్కృతి నీకేం తెలుసని తండ్రి గద్దించాడు.

ఆ సంస్కృతి గురించి నేను చెప్పవలసి ఉన్నది. మాది నేరేడుచర్ల దగ్గరి పల్లె. తమ్ముడికి పసితనంలో జ్వరం ఎంతకూ తగ్గకపోతే అమ్మ జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకున్నది. నయమైనాక యాటను కోసి కందూరు (దర్గా మొక్కు విందు) చేసి, ఆ దర్గా పేరున సైదులు అని పేరు పెట్టారు. పాత నల్గొండ జిల్లాలో సైదులు, సైదమ్మ అనే పేర్లు ఎన్ని హిందువుల ఇళ్లలో ఉన్నాయో మీ పాఠకులకు తెలుసు. అమెరికా పోయినాక తమ్ముడు ఆ పేరును సాయి అని మార్చుకున్నాడు. మొన్నటి దసరాకు వీడియో కాల్‌లో, అమ్మ పెట్టెలో ఉన్న తన చిన్ననాటి వెండి తాయెత్తును చూసి, పారేయమన్నాడు. అమ్మ ఏమీ అనకుండా దాన్ని కొంగు చివర ముడివేసుకున్నది.

రజాకార్లను మరిచిపోయావా అని తమ్ముడు నన్ను అడుగుతాడు. మరువలేదు, ఈ జిల్లా మరువలేదు కూడా. అయితే నిజాం రాజ్యాన్ని భారతదేశంలో కలపాలని 'ఇమ్రోజ్' పత్రికలో రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్లు నరికి చంపిన సంపాదకుడు షోయబుల్లా ఖాన్. భూస్వామి అయిన విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి ప్రాణాలు పోగొట్టుకున్న రైతు షేక్ బందగీ. ఈ రెండు పేర్లు ఆ వీడియోల్లో ఎన్నడూ వినిపించలేదు.

2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఓలేథ్‌లో, "మా దేశం విడిచి పొండి" అని అరుస్తూ ఒకడు ఇద్దరు తెలుగు ఇంజనీర్లపై కాల్పులు జరిపినప్పుడు, వారిలో ఒకరు మరణించినప్పుడు, మా తమ్ముడు ఫోన్‌లో ఏడ్చాడు. తాను ఇద్దరు ఇరానీయులను కాల్చానని హంతకుడు ఆ తర్వాత వేరే ఊళ్లో చెప్పుకున్నాడు. అడ్డుపోయి తూటా తిన్నవాడు ఒక తెల్ల యువకుడు. ఇంత కళ్లారా చూసినవాడు మన ఊరి ముస్లింలను పొమ్మనడం ఎట్లా నేర్చుకున్నాడో నాకు అంతుపట్టదు. పరాయి నేలమీది ఒంటరితనంలో తనదంటూ ఒకటి గట్టిగా పట్టుకోవాలనిపించి ఉంటుంది, ఆ సమయానికి చేతికి అందినవి ఆ వీడియోలే అయి ఉంటాయి.

తప్పు నాదీ ఉన్నది. దూరాన ఉన్నవాణ్ని నొప్పించడమెందుకని ఇన్నేళ్లు ఒక్క వీడియోకైనా జవాబు ఇవ్వలేదు. నా మౌనాన్ని వాడు ఒప్పుకోలు అనుకున్నాడు. కనుక ప్రవాసుల పేజీలో సన్మానాలు, సంబరాలతోపాటు ఇటువంటి ఇళ్ల సంగతులూ రాయాలనీ, కందూరు చేసిన పెద్దల చేత, పీర్ల పండుగకు అలాయి తొక్కిన (నిప్పుల గుండం చుట్టూ ఆడిన) పెద్దల చేత అక్కడి పిల్లలకు చెప్పించాలనీ మిమ్మల్ని కోరుతున్నాను.

"ఇద్దరు ఒక్క ఫోన్ల ఎందుకు కనపడరు బిడ్డా" అని అమ్మ ప్రతి ఆదివారం నన్ను అడుగుతున్నది. వచ్చే జనవరిలో ఉర్సుకు (దర్గా జాతరకు) ఆమెను జాన్‌పహాడ్ తీసుకుపోతాను. అక్కడి నుంచి తండ్రికీ కొడుకుకూ ఒకేసారి ఫోన్ చేస్తాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్గొండ
(పేరు ప్రచురించవద్దని మనవి)