ముఫ్తీ సాబ్‌కి, ఆపాకి మా ఇంటిల్లిపాది షుక్రియా

అస్సలాము అలైకుమ్.

అబ్బా పోయాక ఇంటి విషయంలో మా మధ్య వచ్చిన తగువు చాలామందికి తెలిసిందే. అది కోర్టు మెట్లెక్కకుండానే తేలింది. తేల్చిన ఇద్దరికీ, అంటే షరియత్ తెలిసిన ముఫ్తీ సాబ్‌కీ, మేం గౌరవంగా ఆపా (అక్క) అని పిలుచుకునే ఆవిడకీ, అందరి ముందూ షుక్రియా చెప్పుకోవాలని ఈ నాలుగు ముక్కలు. పేర్లు వద్దన్నారు, రాయడం లేదు. అమ్మీ ఇద్దత్‌లో (భర్త పోయాక భార్య పాటించే గడువులో) ఉంది, 4 నెలల 10 రోజులు గడప దాటదని వాళ్లే మా ఇంటికి వచ్చారు.

పెద్దన్నయ్యది ఒకటే మాట: "ఇల్లు నీదేరా అని అబ్బా నాతో అన్నారు." అబద్ధమాడే మనిషి కాదు, అబ్బా అనే ఉంటారు. ముఫ్తీ సాబ్ కూడా కొట్టిపారేయలేదు. "బతికుండగానే నీకు స్వాధీనం చేశారా, తన తర్వాత నీదన్నారా?" అని అడిగారు. మొదటిదైతే హిబా, అంటే బతికుండగా ఇచ్చేసిన కానుక, ఇల్లు అన్నయ్యదే. రెండోదైతే వసీయత్, అంటే తను పోయాక ఎవరికి చెందాలో చెప్పే వీలునామా లాంటిది. వారసుడికి చేసిన వసీయత్ చెల్లాలంటే మిగతా వారసులు ఒప్పుకోవాలి. అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత "తన తర్వాతే అన్నారు, లెక్క వేయండి" అన్నాడు.

వేయబోతుంటే ఆపా అడ్డుపడ్డారు. "అమ్మీకి మెహర్ ముట్టిందా?" పెళ్లిలో భర్త భార్యకు ఇస్తానని ఒప్పుకునే సొమ్మే మెహర్. మా ముగ్గురికీ ఆ ఆలోచనే రాలేదు. "ఇప్పుడెందుకమ్మా అవన్నీ" అని అమ్మీ సిగ్గుపడింది. బీరువాలోంచి నికానామా (పెళ్లి ఒప్పంద పత్రం) తీస్తే, సగం తర్వాత ఇస్తానన్న రాత ఉంది. ఆ సగం ఇవ్వలేదని అమ్మీయే చెప్పింది. చెల్లించని మెహర్ భర్త మీద అప్పే. ఖననం ఖర్చులు, అప్పులు పోగా మిగిలినదే పంపకానికి వస్తుంది. మాఫ్ చేయడం అమ్మీ ఇష్టం, పిల్లలు అడిగి చేయించుకునేది కాదని ఆపా గట్టిగానే చెప్పి, అమ్మీని గదిలోకి తీసుకెళ్లి విడిగా మాట్లాడారు. అమ్మీ బయటికొచ్చి "నాది నాకివ్వండి" అంది. ఆ గొంతు మేమెప్పుడూ వినలేదు.

నానమ్మా తాతయ్యా లేరు కాబట్టి మిగిలినది మా నలుగురికే. మొత్తం 40 భాగాలు. పిల్లలున్నందున అమ్మీకి ఎనిమిదో వంతు, అంటే 5. అన్నయ్యలకు చెరి 14, నాకు 7. "ఆడపిల్లవి, వదిలేయరాదా" అని బంధువులు చెవినిల్లు కట్టుకుని పోరారు. "ముందు వాటా ఆమె చేతికి రానివ్వండి, ఇచ్చుకుంటుందో ఉంచుకుంటుందో ఆమే చూసుకుంటుంది" అన్నారు ఆపా. ఉంచుకున్నాను.

ఇల్లు అమ్మలేదు. పెద్దన్నయ్యే ఉంటాడు, మా వాటాల డబ్బు విడతలుగా ఇస్తాడు. అది కాగితం మీద పెట్టించి సాక్షులతో సంతకాలు చేయించింది ముఫ్తీ సాబే. మొదటి విడత అందింది.

జజాకుముల్లాహు ఖైరన్.