అమ్మకి, గ్లాస్గో నుంచి

అమ్మా,

ఆదివారం ఫోన్లో నువ్వు అన్న మాట ఇంకా మనసులోనే తిరుగుతోంది. "ఒక్కదానివే ఉన్నావు, ఆ ఇనప ముక్కలు ఎత్తి నడుము విరగ్గొట్టుకుంటే చూసేదెవరు?" అన్నావు. అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నా. ఆఫీసు మామూలే, పని ఉంది, జీతం పడుతోంది.

ముందు ఒక నిజం చెప్పాలి, కోప్పడకు. అక్టోబరులో రెండు రోజులు ఫోన్ ఎత్తకుండా మీటింగులన్నాను కదా, మీటింగులు కావు. నడుము పట్టేసింది. పది నిమిషాల్లో ఒళ్ళంతా వ్యాయామం అని ఏదో వీడియో పెట్టుకున్నా. నేను ఒకసారి వంగి లేచేలోపు ఆవిడ మూడోది చేసేస్తోంది, అందుకోవాలని బరువుతో గబుక్కున వంగాను. అరగంట చాప మీదే పడుకున్నా. బల్ల మీద అమృతాంజనం కనిపిస్తోంది, చెయ్యి అందదు. అప్పుడే నువ్వు రెండుసార్లు ఫోన్ చేశావు. ఎత్తితే ఏడ్చేస్తానని ఎత్తలేదు.

ఇప్పుడు బాగానే ఉన్నా, ఒట్టు. వ్యాయామం మానలేదు, వీడియో ఎంచుకునే పద్ధతి మార్చాను. ముందు టీ తాగుతూ మొత్తం ఒకసారి చూస్తాను. పక్కనుంచి చూపిస్తున్నారా అన్నది మొదట చూసుకుంటా, ఎదురుగా నిలబడి చేస్తే వాళ్ళ వెన్ను ఎలా ఉందో మనకేం తెలుస్తుంది. మొదట ఐదు నిమిషాలు ఒళ్ళు వేడెక్కించాలి, మధ్యలో ఊపిరి తీసుకోనివ్వాలి, బరువు లేకుండా ఎలా చెయ్యాలో కూడా చెప్పాలి. వారంలో పొట్ట కరిగిస్తామనేవాళ్ళ జోలికి వెళ్ళను. గెంతులు కూడా వద్దు, చెక్క నేల, కింది ఇంట్లో పసిపిల్ల ఉంది. రోజుకో కొత్త వీడియో మార్చడం కూడా మానేశాను. ఒకే టీచర్‌వి నాలుగు వారాల వరస పట్టుకున్నా, వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విశ్రాంతి. అవే కదలికలు మళ్ళీ మళ్ళీ వస్తేనే కదా పోయిన వారం ఎనిమిదిసార్లు ఎత్తినది ఈ వారం పదిసార్లు ఎత్తానని తెలిసేది.

బరువంటే ఎంతనుకున్నావు, చేతికి నాలుగు కిలోలు. కుళాయి రాని రోజుల్లో నువ్వు చంకన పెట్టుకుని మెట్లెక్కిన బిందె అంతకు మూడింతలుండేది. తాతయ్య తాలింఖానాలో బస్కీలు తీసేవాడనీ, కోడి రామమూర్తి గారి పేరెత్తితే చాలు కథ మొదలెట్టేవాడనీ నువ్వే చెప్పావు. వీళ్ళు స్క్వాట్ అంటున్నది ఆ బస్కీనే.

ఇక్కడ డిసెంబర్లో నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. ఆఫీసు నుంచి చీకట్లో వచ్చి తలుపు తీస్తే ఇల్లంతా నిశ్శబ్దం. బియ్యం డబ్బాకి ఫోన్ ఆనించి వీడియో పెడితే "ఇంకో రెండే, బాగా చేస్తున్నావు" అని ఒక గొంతు వినిపిస్తుంది. ఆ మాట కోసమైనా చేస్తానమ్మా.

పిన్ని కూతురి పెళ్ళి ఫోటోలు ఇంకా పంపలేదు నువ్వు. కందిపప్పు ఇక్కడ దొరుకుతుంది, పార్శిల్లో పెట్టొద్దు, రోజూ పప్పు వండుకుంటూనే ఉన్నా.

నీకూ నాన్నకీ ఒక వీడియో పంపిస్తున్నా, కుర్చీలోంచి లేచి నిలబడి మెల్లగా కూర్చోవడం, అంతే. అరవై అయిదు దాటినవాళ్ళు కండ బలానికీ, పడిపోకుండా నిలదొక్కుకోవడానికీ వారంలో మూడు రోజులైనా చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. నీ మోకాళ్ళ సంగతి ముందు డాక్టరు గారిని అడుగు, నాన్న షుగరు మాత్రల సంగతి కూడా. డాక్టరు గారు సరేనంటే ఐదుసార్లతో మొదలుపెడదాం, నొప్పి వస్తే ఆపెయ్యాలి. వచ్చే ఆదివారం నాకు పొద్దున తొమ్మిది, మీకు మధ్యాహ్నం రెండున్నర, వీడియో కాల్లో ముగ్గురం కలిసి చేద్దాం. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, జారుతుంది. తాతయ్య చేతుల కుర్చీ గోడకి ఆనించి పెట్టు.

నీ చిన్నమ్మడు